రాహుకాలం ఏ ఊరిది?

ప్రయాణమై గడప దాటబోయే మనిషిని "ఆగు నాయనా, టైము చూడనీ" అని వెనక్కు పిలిచే పెద్దదిక్కు మన ఇళ్లలో ఎక్కడైనా ఒకరు వుండనే వుంటారు. వెనకనుంచి పిలవడం అపశకునమే. అయినా రాహుకాలంలో గడప దాటడం అంతకంటే పెద్ద అపశకునం గనుక ఆ పిలుపుకు మినహాయింపు వున్నది కాబోలు! ఆ పెద్దావిడ గోడకు వేలాడే క్యాలెండరు దగ్గరికి వెళ్లి, కళ్లజోడు సవరించుకుని, "సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది. ఇంకో అరగంట కూర్చో" అంటుంది. కొత్త బట్ట కట్టడానికీ, కొత్త ఇంట్లో పాలు పొంగించడానికీ, పిల్లను చూడబోవడానికీ, చివరికి ఉద్యోగం అర్జీ పెట్టడానికీ ఇదే వరస.

ఈ విషయంలో మనవాళ్లు మూడు రకాలు. నమ్మేవాళ్లు కొందరు. నమ్మనివాళ్లు కొందరు. "నమ్మకం లేదుగాని, చూసుకుంటే పోయేదేముంది?" అనేవాళ్లు తక్కిన అందరూ. ఆ మూడో రకంవాళ్ల కోసమే ఈ నాలుగు మాటలు. మంచి చెడ్డల వాదం తరవాత చూసుకుందాం. ముందు అసలు ఆ లెక్క ఏమిటో తెలుసుకోవడం మంచిది గదా! తెలియనిదానికి భయపడడం కంటె, తెలిసిన తరవాత భయపడదామా వద్దా అని ఆలోచించుకోవడం మేలు.

ఎనిమిది ముక్కలు

క్యాలెండరులో అచ్చువేసే రాహుకాలం పట్టిక అందరికీ తెలిసినదే. సోమవారం 7.30 నుంచి 9 వరకు, శనివారం 9 నుంచి 10.30, శుక్రవారం 10.30 నుంచి 12, బుధవారం 12 నుంచి 1.30, గురువారం 1.30 నుంచి 3, మంగళవారం 3 నుంచి 4.30, ఆదివారం 4.30 నుంచి 6. ఈ పట్టిక ఎక్కడనుంచి వచ్చింది? సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా వున్న పగటిని ఎనిమిది సమభాగాలు చేస్తారు. అందులో సోమవారం రెండో భాగం, శనివారం మూడో భాగం, శుక్రవారం నాలుగో భాగం, ఈ విధంగా ఒక్కొక్క వారానికి ఒక్కొక్క భాగం రాహువుది. అంతే లెక్క.

ఇందులో తమాషా ఒకటి వుంది. రాహువు పేరు పెట్టుకున్న ఈ లెక్కలో రాహువుకు పనే లేదు! ఖగోళ శాస్త్రంలో రాహువంటే చంద్రుడు నడిచే దారి సూర్యుడు నడిచే దారిని ఖండించే బిందువు. గ్రహణాలు ఆ చుట్టుపక్కలే జరుగుతాయి గనుక ఆ బిందువుకు తల, కోరలు, ఆకలి తగిలించారు మన పౌరాణికులు. అయితే ఈ రోజు ఆ రాహువు ఏ రాశిలో వున్నాడనే సంగతి రాహుకాలం కట్టడానికి అవసరం లేదు. ఏ వారం, ఎప్పుడు పొద్దు పొడిచింది, ఎప్పుడు కుంకింది అనే మూడు సంగతులు చాలు.

మరి పొద్దు ప్రతిరోజూ ఆరింటికే పొడిచి ఆరింటికే కుంకుతుందా? పట్టిక మాత్రం అలాగే అనుకుని వేసినది. పగలూ రాత్రీ సమానమయ్యే మార్చి 21, సెప్టెంబరు 23 తేదీల ప్రాంతంలో అది దాదాపు సరిపోతుంది. తక్కిన ఏడాదంతా కొంత అటో ఇటో తప్పుతుంది.

తూర్పు కనుమల మన్యంలో వున్న అడ్డతీగలనే తీసుకుందాం. ఉద్యోగరీత్యా నేను కొంతకాలం అక్కడ కాపురమున్నాను గనుక ఆ ఊరి పొద్దు నాకు బాగా పరిచయం. డిసెంబరు 21 ప్రాంతంలో అక్కడ సూర్యోదయం సుమారు 6.28కి, అస్తమయం 5.33కి. పగలు 665 నిమిషాలు. దాన్ని ఎనిమిదితో భాగిస్తే 83 నిమిషాలు. ఆ రోజుల్లో సోమవారం వస్తే రాహుకాలం 7.51కి మొదలై 9.14కి పోతుంది. జూన్ 21 ప్రాంతంలో సూర్యోదయం 5.28కి, అస్తమయం 6.39కి. పగలు 791 నిమిషాలు. ఎనిమిదో వంతు 99 నిమిషాలు. అప్పుడు సోమవారం రాహుకాలం 7.07కే వచ్చి 8.46కి వెళ్లిపోతుంది. అంటే జూన్ నెలలో ఏడుంబావుకు "ఇంకా రాహుకాలం రాలేదు గదా" అని ధీమాగా బయలుదేరినవాడు నిక్షేపంలాంటి రాహుకాలంలో బయలుదేరాడన్నమాట. డిసెంబరులో ఏడున్నర కొట్టగానే కాళ్లు ముడుచుకుని కూర్చున్నవాడు అనవసరంగా కూర్చున్నాడన్నమాట!

గోడ గడియారం, ఆకాశ గడియారం

రుతువును బట్టే కాదు, ఊరిని బట్టి కూడా ఈ లెక్క మారుతుంది. మన దేశమంతటికీ ఒకటే గడియారం. తూర్పు రేఖాంశం 82 డిగ్రీల 30 నిమిషాల దగ్గర సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళను సగటున పన్నెండు గంటలని పెట్టుకున్నాం. ఆ రేఖ ఉత్తరాన మీర్జాపూరు దగ్గరా, మన తెలుగునాట తుని పక్కగానూ పోతుంది. అడ్డతీగల ఆ రేఖకు పడమరగా అర డిగ్రీ దూరంలో వుంది. ఒక డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున, అడ్డతీగల స్థానిక కాలానికీ దేశపు గడియారానికీ తేడా రెండే రెండు నిమిషాలు. ఢిల్లీలో, మద్రాసులో, హైదరాబాదులో లేని ఈ భాగ్యం మన్యంలోని ఈ చిన్న ఊరికి దక్కింది. హైదరాబాదుకు ఆ తేడా పదహారు నిమిషాలు. అనంతపురానికి దాదాపు ఇరవై. అడ్డతీగలలో పొద్దు పొడిచిన పద్దెనిమిది నిమిషాలకు గాని అనంతపురంలో పొడవదు. సముద్రం పక్కవాళ్ల రాహుకాలం రాయలసీమవాళ్లకు ఎలా సరిపోతుంది?

ఈ చిక్కు మన తాతముత్తాతలకు లేదు. వాళ్లకు ఏ ఊరి పొద్దు ఆ ఊరిదే. రైళ్లు వచ్చిన తరవాత దేశానికి ఒక గడియారం కావలసి వచ్చింది. మొదట మద్రాసు కాలం చాలాచోట్ల చెల్లింది. 1906 నుంచి ఇప్పుడు మనం వాడే భారత ప్రామాణిక కాలం వచ్చింది. మద్రాసు గడియారాలు ఒక్కసారిగా తొమ్మిది నిమిషాలు ముందుకు జరిగాయి. సూర్యుడు మాత్రం ఏమీ జరగలేదు!

స్వాతంత్ర్యం వచ్చిన తరవాత 1952లో ప్రభుత్వం మేఘనాథ్ సాహాగారి అధ్యక్షతన క్యాలెండరు సంస్కరణ సంఘాన్ని వేసింది. సంఘం 1955లో నివేదిక యిచ్చింది. 1957 మార్చి 22న జాతీయ క్యాలెండరు అమలులోకి వచ్చింది. రాష్ట్రీయ పంచాంగానికి కేంద్రంగా వాళ్లు ఎంచుకున్న స్థానం చూడండి. అక్షాంశం ఉజ్జయినిది, రేఖాంశం 82 డిగ్రీల 30 నిమిషాలు. ప్రాచీన సిద్ధాంతులకు ఉజ్జయినిమీదుగా పోయే రేఖే మధ్యరేఖ. పాత గౌరవానికి అక్షాంశమూ, కొత్త అవసరానికి రేఖాంశమూ యిచ్చారన్నమాట. రెండూ కలిసేచోట ఉజ్జయినీ లేదు, మన తునీ లేదు. లెక్క కోసం ఏర్పరచుకున్న చోటు అది.

అడ్డతీగల దగ్గర మరో విశేషం వుంది. ఊరి చుట్టూ కొండలు. పంచాంగం చెప్పే సూర్యోదయం చదునైన దిగంతం మీద సూర్యబింబం తొంగిచూసే వేళ. తూర్పున కొండ అడ్డం వుంటే సూర్యుడు మనకు కనిపించేది తరవాత ఎప్పుడో. కొండ పది డిగ్రీల ఎత్తున అడ్డుపడితే ముప్పావుగంట ఆలస్యమవుతుంది. మాఘమాసపు ఉదయాన మంచు కూడా తోడైతే ఇక చెప్పనక్కరలేదు. కొండకింద పల్లెవాడికి పొద్దు పొడిచేసరికి, పంచాంగం ప్రకారం రోజు అప్పటికే ఒక ముక్క కరిగిపోయి వుంటుంది. "కళ్లకు కనబడినదా, లెక్కకు వచ్చినదా, ఏది ఉదయం?" అని మా వీధిలో వుండే సిద్ధాంతిగారిని అడిగాను. "కన్ను కొండ దగ్గర ఆగిపోతుంది, లెక్క ఆగదు" అన్నారాయన. ఈ ఒక్క మాటలో జ్యోతిర్గణితం గొప్పతనమంతా వుందనిపించింది నాకు.

గడియ నుంచి గడియారం

రాహుకాలం ఒక్కటే అయితే గొడవ లేకపోను. పంచాంగమంటే అయిదు అంగాలు గదా: తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం. సూర్యచంద్రుల మధ్య దూరం పన్నెండు డిగ్రీలు పెరిగితే ఒక తిథి. చంద్రుడు పదమూడు డిగ్రీల ఇరవై నిమిషాలు నడిస్తే ఒక నక్షత్రం. చంద్రుడి నడక ఒక్క తీరుగా వుండదు. అందువల్ల తిథి ఒకప్పుడు ఇరవై గంటలలోపే అయిపోతుంది. ఒకప్పుడు ఇరవైయారు గంటలదాకా సాగుతుంది.

రోజుకు అరవై గడియలు. గడియకు ఇరవైనాలుగు నిమిషాలు. దీన్ని కొలవడానికి పూర్వం అడుగున సన్నని బెజ్జం వున్న రాగి గిన్నెను నీళ్లతొట్టిలో వదిలేవారు. గిన్నె నిండి మునిగితే ఒక గడియ. పెళ్లిముహూర్తానికి పురోహితుడు ఆ గిన్నెమీదే చూపు నిలిపి కూర్చునేవాడట. ఆ గడియనుంచే మన గడియారం అనే మాట వచ్చింది. రెండు గడియలు ఒక ముహూర్తం, అంటే నలభైయెనిమిది నిమిషాలు. పగటికి పదిహేను ముహూర్తాలు. సరిగ్గా మధ్యాహ్నం వచ్చే ఎనిమిదోది అభిజిత్తు, అన్ని పనులకూ మంచిదంటారు. ఒక్క బుధవారం మాత్రం అదే దుర్ముహూర్తం! ఆదివారానికి దుర్ముహూర్తం పద్నాలుగోది, శనివారానికి మొదటి రెండూను. పగలు పెరిగితే ఇవీ సాగుతాయి, తగ్గితే ఇవీ కుంచించుకుంటాయి.

వర్జ్యం లెక్క వేరు. అది నక్షత్రాన్ని బట్టి వస్తుంది. రోహిణికి నలభై గడియలు గడిచిన తరవాత నాలుగు గడియలు వర్జ్యం. ఆ రోహిణి అరవై గడియలకు బదులు అరవైమూడు గడియలుంటే, నలభై కాస్తా నలభైరెండవుతుంది. త్రైరాశికం తెలిసిన హైస్కూలు పిల్లవాడు వెయ్యగల లెక్కే. మన పెద్దవాళ్లకు వర్జ్యం, దుర్ముహూర్తాల మీద వున్నంత పట్టు రాహుకాలం మీద వుండేది కాదనీ, దాని పట్టింపు తమిళదేశంలో ఎక్కువనీ చెప్పగా విన్నాను. గోడ క్యాలెండర్ల పుణ్యమా అని ఇప్పుడు మనకూ అదే ముఖ్యమైపోయింది. గుర్తుపెట్టుకోవడానికి అదే సులువు మరి.

హోరల సంగతి మరింత సరదాగా వుంటుంది. సూర్యుడు, శుక్రుడు, బుధుడు, చంద్రుడు, శని, గురుడు, కుజుడు, ఈ వరసలో గంటకొక గ్రహం రోజును ఏలుతుంది. ఆదివారం తెల్లవారగానే సూర్యహోర. అక్కడనుంచి ఇరవైనాలుగు లెక్కపెట్టి చూడండి. మర్నాటి ఉదయానికి చంద్రుడి వంతు వస్తుంది. అందుకే అది సోమవారం. ఆ మర్నాడు కుజుడు. అది మంగళవారం. మన వారాల వరసకు కారణం ఇదే. రోమకులకూ మనకూ వారాల వరస ఒకటే కావడంలోని కీలకమూ ఇదే.

ఇక్కడ ఒక్క తేడా జాగ్రత్తగా గమనించాలి. తిథి, నక్షత్రం, వర్జ్యం చంద్రుడి నడకమీద ఆధారపడినవి. ఆకాశంలో అవి మారే క్షణం లోకమంతటికీ ఒక్కటే. రాహుకాలం, దుర్ముహూర్తం, హోర మన ఊరి పొద్దుమీద ఆధారపడినవి. అవి ఊరికొక తీరు. డల్లాసులో కాపురమున్న అమ్మాయికి "ఉదయం పది గంటలకు తిథి మారుతుంది" అని ఇక్కడనుంచి ఫోను చేస్తే, చలికాలంలో అక్కడ అది ముందురోజు రాత్రి పదిన్నర. గడియారం తేడా సరిచూసుకుంటే తిథి సరిపోతుంది. రాహుకాలం మాత్రం ఇక్కడది అక్కడికి పంపడానికి లేదు. లండనులో జూన్ నెలలో పగలు పదహారున్నర గంటలు. ఎనిమిదో వంతు రెండు గంటలు దాటుతుంది. అదే డిసెంబరులో పగలు ఎనిమిది గంటలలోపే. రాహుకాలం గంటకు లోపలే ముగుస్తుంది. నార్వే ఉత్తరాన ట్రామ్సో అనే ఊళ్లో నడిచలికాలంలో వారాల తరబడి సూర్యుడే ఉదయించడు. అక్కడ రాహువుకు పనేముంది? ఆ ఊళ్లో మన తెలుగువాళ్లెవరైనా వుంటే ఆ కాస్త రోజులు హాయిగా ఎప్పుడు బడితే అప్పుడు బయలుదేరవచ్చు!

గుమ్మం ముందు నిలబడిన కారు

ఇదంతా కాలక్షేపం కబుర్లనుకునేరు. ఈ లెక్క ప్రాణం మీదికి వచ్చిన సందర్భం ఒకటి నేను అడ్డతీగలలోనే చూశాను.

సంక్రాంతి వెళ్లిన వారంలో ఒక సోమవారం. మా పక్కింటివాళ్ల అమ్మాయి తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది. తెల్లవారుజామున నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగిందనీ, ఆలస్యం చేయక కాకినాడ తీసుకువెళ్లడం మంచిదనీ డాక్టరమ్మ చెప్పింది. కొండదారిన ఏలేశ్వరం దిగి పోవాలి. గంటల ప్రయాణం. కారు వచ్చి గుమ్మం ముందు నిలబడేసరికి ఏడున్నర దాటింది. అమ్మాయిని నడిపించుకుంటూ వసారాలోకి తీసుకువచ్చారు. అప్పుడు మామ్మగారు గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది రాహుకాలం. తొలిచూలు పిల్లను నేను కదలనివ్వను. తొమ్మిది కొట్టనీండి" అన్నదావిడ. కొడుకు బతిమాలాడు. కోడలు కళ్లనీళ్లు పెట్టుకుంది. అమ్మాయి గోడకు ఆనుకుని పెదవి కొరుక్కుంటోంది. ఆవిడ రాతిమనిషి కాదు. ఆ పిల్లంటే అందరికంటె ఆవిడకే ఎక్కువ ప్రాణం. ఆ ప్రాణమే ఆవిడను అడ్డం నిలబెట్టింది.

ఎవరో పరుగెత్తుకెళ్లి సిద్ధాంతిగారిని పిలుచుకువచ్చారు. ఆయన వస్తూనే మామ్మగారిని ఒక్క మాట కూడా అనలేదు. వసారాలో కూర్చుని, జేబులోనుంచి కాగితం తీసి, అందరికీ వినబడేలాగా పైకి చదువుతూ లెక్క కట్టారు. "ఇవాళ సూర్యోదయం ఆరూ ముప్పైయయిదు. అస్తమయం అయిదూ నలభైయేడు. పగలు ఆరువందల డెబ్భైరెండు నిమిషాలు. ఎనిమిదో వంతు ఎనభైనాలుగు. ఆరూ ముప్పైయయిదుకు ఎనభైనాలుగు కలిపితే ఏడూ యాభైతొమ్మిది. అమ్మా, రాహుకాలం ఇంకా రానేలేదు. వచ్చేది ఎనిమిదింటికి. ఈలోగా పిల్ల ఊరు దాటాలి. లేవండి, లేవండి!"

మామ్మగారు ఒక్క క్షణం ఆయన ముఖంలోకి చూసి పక్కకు తప్పుకుంది. తప్పుకోవడమే కాదు, "ఇంకా చూస్తారేమిరా, కారెక్కించండి" అని తనే తొందరపెట్టింది. మధ్యాహ్నం లోపునే కాకినాడనుంచి ఫోను వచ్చింది. ఆపరేషను చేశారట. ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం. "చూశారా ముహూర్తబలం!" అన్నది మామ్మగారు.

సాయంత్రం సిద్ధాంతిగారి అరుగుమీద కూర్చుని అడిగాను: "అయ్యా, ఇదే జూన్ నెల అయివుంటే ఏం చేసేవారు? అప్పుడు ఏడూ నలభై అంటే రాహుకాలం నడిమధ్యనే గదా?"

ఆయన నవ్వారు. "సోమవారం మొదటి హోర చంద్రుడిది, రెండోది శనిది, మూడోది గురుడిది. జూన్‌లో ఏడూ నలభైకి గురుహోర వుంటుంది. గురుబలానికి మించినది లేదు, బయలుదేరండి అనేవాణ్ణి."

"అదీ లేకపోతే?"

"ఆపదలో ఏదీ చూడనక్కరలేదని మా పెద్దలు మాకు ముందే చెప్పారు. ఆ మాట చెబితే మామ్మగారు వినదు. తనకంటె రాహువే పెద్దవాడనుకుంటుంది. లెక్క చెబితే వింటుంది. మందు చేదైతే తేనెలో కలిపి ఇవ్వమూ?"

తాళాలెన్నో తాళంచెవులన్ని

ఆ మాట విన్న తరవాత నాకొక సంగతి తోచింది. మన పంచాంగంలో తాళాలెన్ని వున్నాయో తాళంచెవులూ అన్నే వున్నాయి. రాహుకాలం, యమగండం, గుళికకాలం ఒక్కొక్కటి గంటన్నర చొప్పున నాలుగున్నర గంటలు. దుర్ముహూర్తం ఒకటో రెండో కలిపితే ముప్పావుగంట నుంచి గంటన్నర దాకా. వర్జ్యం పగలే వస్తే మరో గంటన్నర. ఒకదానిమీద ఒకటి పడకుండా వచ్చాయంటే పన్నెండు గంటల పగటిలో ఏడు గంటలు చెడ్డవే. అన్నీ పాటించేవాడు సంసారం చేయలేడు, సంత చేయలేడు. అందుకే ఒక్కొక్క ప్రాంతంవాళ్లు ఒక్కొక్కటి పట్టుకున్నారు. పట్టుకున్నదానికి విరుగుడు మరొకటి చెప్పుకున్నారు. వశిష్ఠుడంతటివాడు పెట్టిన ముహూర్తానికే రాముడు అడవులపాలయ్యాడని సామెతగా చెప్పుకునే జాతి మనది. మనవాళ్లు ఎప్పుడూ ముహూర్తాన్ని కళ్లు మూసుకుని నమ్మినవాళ్లు కారు.

కాలంలో ఒక ముక్క అందరికీ చెడ్డదయితే ఆ ముక్కలో జరిగే పనులన్నీ చెడాలి. ఒకే గంటలో ఒకడు కోర్టులో గెలుస్తాడు, ఎదుటివాడు ఓడిపోతాడు. ఆ గంట మంచిదా, చెడ్డదా? ఈ ప్రశ్నకు అడ్డతీగల చరిత్రలోనే ఒక ఉదాహరణ వుంది.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాలమీద అల్లూరి సీతారామరాజు దాడి చేసి ఆయుధాలు పట్టుకుపోయాడు. ఆ తరవాత అక్టోబరు 15న అడ్డతీగల ఠాణా వంతు వచ్చింది. ఈసారి ముందుగా కబురుపెట్టి మరీ వచ్చాడని చెబుతారు. దుందుభి సంవత్సరం, ఆశ్వయుజ బహుళం, ఆదివారం. రాజుకు జ్యోతిషం తెలుసునని ఆయన జీవితచరిత్రలు చెబుతాయి. మన్యం జనం ఆయన దగ్గరకు మంచిచెడ్డలు అడగడానికి వచ్చేవారట. ముహూర్తం చూసుకునేవాడు మామూలుగా ఆ సంగతి గుట్టుగా వుంచుకుంటాడు. పగవాడికి ముందే చెప్పిన వేళలో బలమేముంటుంది? బలం గడియలో వుండి వుంటే అది ఠాణాలో తుపాకులు పట్టుకున్నవాళ్లకూ సమానంగానే వుండాలి. అదే ఆదివారం, అదే పొద్దు, అదే కొండ. తేడా మనుషుల్లో వుంది. కడుపు మండి వచ్చినవాడికీ, జీతానికి కాపలా కాసేవాడికీ ఒకే గడియ ఒకే తీరుగా పనిచేయదు గదా.

కొండలమీద కాలం

అడ్డతీగల చుట్టుపక్కల కొండరెడ్లు, కోయలు, వాల్మీకులు వున్నారు. వాళ్ల పెద్దతరానికి అచ్చు పంచాంగంతో పని తక్కువ. అంతమాత్రాన వాళ్లకు మంచివేళ లేదనుకోరాదు. కొండరెడ్లు మామిడికొత్త పండుగ చేసుకోనిదే కొత్త కాయ ముట్టరు. విత్తనం చల్లే ముందు భూదేవి పండుగ. ఎప్పుడు చెయ్యాలన్నది ఊరి పెద్దలూ పూజారీ కూర్చుని నిర్ణయించుకుంటారు. కాయ పక్వానికి వచ్చిందా, నేల పదునెక్కిందా, అందరూ ఊళ్లో వున్నారా, అన్నదే వాళ్ల తిథి, వార, నక్షత్రం. పచ్చికాయ తెంపి పాడుచేయకుండా ఆ ఆచారం కాపాడుతుంది. ఊరంతా ఒకరోజున ఒకచోట చేరేలాగా చూస్తుంది.

మన ముహూర్తానికి కూడా మొదటి ప్రయోజనం అదేనని నాకనిపిస్తుంది. గడియారాలు లేని రోజుల్లో, ఇరవై ఊళ్లలోని చుట్టాలు ఒక పందిట్లోకి చేరాలంటే అందరూ ఒప్పుకునే ఒక వేళ కావాలి. "బారెడు పొద్దెక్కాక" అంటే ఒకడికి ఒక బారెడు, ఇంకొకడికి ఇంకో బారెడు. "దశమి, రోహిణి, ఫలానా లగ్నం" అంటే కొండమీదివాడికీ తీరంలోవాడికీ ఒకటే అర్థం. పదిమందినీ కలపడానికి పుట్టిన లెక్క ఇది. పదిమందిలో ఒకరు ఆపదలో వుంటే గుమ్మం దగ్గర ఆపడానికి పుట్టినది కాదు.

కాబట్టి చూసుకోదలచినవాళ్లు నిరభ్యంతరంగా చూసుకోవచ్చు. కాని చూసేదేదో సరిగా చూడండి. మీ ఊరి సూర్యోదయమూ అస్తమయమూ తీసుకోండి. పగటి నిమిషాలను ఎనిమిదితో భాగించండి. ఏ వారానికి ఏ భాగమో లెక్కపెట్టండి. అయిదు నిమిషాల పని. ఇప్పుడు చేతిఫోను కూడా ఈ లెక్క చేసిపెడుతోంది. చేసేముందు అది అడిగే ప్రశ్న ఒక్కటే: "మీ ఊరేది?" గోడమీది పట్టిక ఆ ప్రశ్న అడగదు. సిద్ధాంతిగారు మాత్రం ఇంకో ప్రశ్న కూడా అడుగుతారు: "పనేమిటి నాయనా?"

పెళ్లి అయితే మంచి లగ్నం చూసుకోండి. గృహప్రవేశమైతే నాలుగురోజులు ఆగినా నష్టం లేదు. పిల్లవాడి పరీక్షకు, పొలంలో తడిసే ధాన్యానికి, పురిటినొప్పులకు మాత్రం వేళ అవే తెచ్చుకుంటాయి. అటువంటప్పుడు మీ ఇంట్లో మామ్మగారు గుమ్మానికి అడ్డం నిలబడితే ఆవిడతో పోట్లాడకండి. ఒక కాగితం, పెన్సిలు తీసుకుని ఆవిడ పక్కన కూర్చోండి. లెక్క మీకు వచ్చివుంటే, దారి ఆవిడే ఇస్తుంది.